వానలో చిత్రిక పట్టకూడదు

మా ఇంటికి పద్నాలుగు కిటికీలు. కిటికీకి నాలుగేసి రెక్కలు, కింద రెండు, పైన రెండు. వెరసి యాభై ఆరు. ఎక్కాలు రాకముందే ఈ లెక్క నాకు నోటికొచ్చు. ధనుర్మాసం నెల పట్టగానే ఆ యాభై ఆరు రెక్కలూ మడతబందుల్లోంచి ఊడివచ్చి, మండువా చుట్టూ వసారా గోడలకు చేరగిలబడేవి. ఆ వారం పది రోజులూ ఇల్లు రెప్పలు లేని కళ్ళతో మేలుకుని ఉన్నట్టుండేది. రాత్రిళ్ళు ఊచల సందుల్లోంచి మంచుగాలి, తెల్లవారుజామున హరిదాసు చిడతల చప్పుడు, ఏ అడ్డూ లేకుండా మంచం దాకా వచ్చేవి.

రెక్కలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉండేవి. కానీ ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. అందుకే ఇల్లు కట్టిన వడ్రంగి ప్రతి రెక్క పైఅంచునా, గదిలో నిలబడితే కనబడనిచోట, ఉలితో గుర్తు పెట్టాడు. కిటికీ ఎన్నోదో తెలుగు అంకెలో ఉండేది. పక్కన గాట్లు. ఒక గాటయితే కింద ఎడమ రెక్క, రెండయితే కింద కుడి, మూడూ నాలుగూ పైవి. తెలుగు అంకెలు నేను బళ్ళో నేర్చుకోలేదు. మా మామ్మ నా చూపుడువేలు పట్టుకుని ఆ గాట్ల మీద తిప్పుతూ నేర్పింది.

"ఏ రెక్క ఆ చట్రానిదే తల్లీ. మార్చి పెట్టావంటే రెండూ ఏడుస్తాయి" అనేది.

మా ఊరు కోనసీమలో, గోదావరి పాయ వైనతేయకు కూతవేటు దూరం. ఇల్లు తాతయ్య తండ్రిగారు కట్టించారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో వరి నిలకడగా పండింది. ఆ ధాన్యం డబ్బుతో మా వైపు మండువా లోగిళ్ళు లేచాయి. కలప వచ్చింది కూడా నీళ్ళ మీదే. భద్రాచలం, పాపికొండల అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి గోదావరిలో రాజమండ్రి దాకా తెచ్చేవారు. అక్కణ్ణించి పడవల మీద కాలవల వెంట పల్లెలకు చేరేది. మా తలుపులూ కిటికీలూ అలా వచ్చిన టేకే. "ఏటిలో ఈదుకుంటూ వచ్చిన చెక్క కదా, వాన పడితే దానికి పుట్టిల్లు గుర్తొస్తుంది" అనేది మామ్మ. వానాకాలంలో రెక్కలు ఉబ్బి చట్రాల్లో బిగుసుకుపోవడానికి ఆవిడ చెప్పుకున్న కారణం అది.

గోడలు మూరెడుకు పైగా మందం. ఊచలు బయటి అంచుకు దగ్గరగా ఉండేవి. రెక్కలు గదిలోకి తెరుచుకుని, ఆ గోడ మందంలోనే ఒదిగిపోయేవి. తెరిచి ఉన్న కిటికీలో ఒక పిల్ల కాళ్ళు ముడుచుకుని కూర్చోవడానికి సరిపడా చోటుండేది. నా చదువంతా అక్కడే సాగింది. పగలు కింది రెక్కలు మూసి పైవి తెరిచేవారు. వీధిలో పోయేవాళ్ళకు లోపలి మనుషులు కనబడరు, లోపలికి వెలుగు మాత్రం వస్తుంది. ఎండాకాలం పది గంటలయ్యేసరికి అన్నీ మూసేసి, వట్టివేళ్ళ తడికలు దించి నీళ్ళు చల్లేవారు. సాయంత్రం అయిదింటికి సముద్రం గాలి తిరిగాక మామ్మ దక్షిణపు కిటికీతో మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చేది. గది గదికీ గాలి పాకడం మాకు తెలిసేది.

ఆ రెక్కల కట్టుబడి గురించి చెప్పాలి. నాలుగు పక్కలా నాలుగు బద్దలు. బద్ద చివర చెక్కిన కుసి రెండో బద్ద రంధ్రంలో కూర్చుంటుంది. అడ్డంగా ఒక వెదురు చీల. అంతే, ఇనప మేకన్నది లేదు. మధ్యలో ఉండే పలకను దేనికీ బిగించరు. బద్దల లోపలి గాడిలో అది ఊరికే కూర్చుని ఉంటుంది. చెక్క నిలువునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది, తరుగుతుంది. వానకు పెరిగినప్పుడు జరగడానికి గాడిలో చోటుంటే పలక పగలదు. దాన్ని మేకులతో బిగించినా, గాడిని రంగుతో పూడ్చేసినా, ఎప్పుడో ఒకనాటి ఎండలో నిలువునా చీలుతుంది. మా ఇంటికి తరాలుగా పనిచేసిన వడ్రంగి కుటుంబంలో అప్పటి పెద్దాయన్ని అందరం ఆచారిగారు అనేవాళ్ళం. రెక్క చేతిలోకి తీసుకోగానే ఆయన మొదట చేసే పని, పలకను బొటనవేళ్ళతో నెట్టి అది గాడిలో కదులుతోందో లేదో చూడడం. కదిలితే తృప్తిగా తలూపేవారు.

ఆషాఢం వానలు నాలుగు పడేసరికి రెక్కలు మొరాయించేవి. లాగితే రావు, వస్తే మూసుకోవు. పిల్లలం కాలు గోడకు తన్నిపెట్టి లాగేవాళ్ళం. ఒకసారి తాతయ్యకు విసుగొచ్చి ఆచారిగారిని పిలిపించారు. ఆయన వచ్చారు గానీ సంచిలోంచి చిత్రిక తీయలేదు.

"ఇప్పుడు పట్టేసిందని చెక్కించుకుంటే, ఎండాకాలం అది తన చెక్క తనకిమ్మని అడుగుద్దండి. అప్పుడెక్కణ్ణించి తెచ్చిస్తామండి బాబూ?"

చెక్కడానికి బదులు ఇంకో పని చేశారు. చట్రం అంచున బొగ్గు రాసి రెక్కను నెమ్మదిగా మూసి తెరిచారు. ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ రెక్క మీద నల్లటి మరక పడింది. ఆ మరక చుట్టూ సీసం పెన్సిలుతో గీత గీశారు. మళ్ళీ మాఘంలో, చెక్క బాగా ఆరాక వచ్చి, బొగ్గుతో మళ్ళీ చూసేవారు. వానాకాలపు మరకల్లో ముప్పాతిక వంతు అప్పటికి ఉండేవే కావు. అప్పటికీ మిగిలిన ఒకటి రెండు చోట్ల మాత్రం చిత్రిక రెండు సార్లు లాగేవారు. కాగితంలా పల్చటి చుట్ట ఒకటి లేచి కిందపడేది. పిల్లలం దాని కోసం కొట్టుకునేవాళ్ళం. ఈలోగా వానాకాలం నాలుగు నెలలకూ ఆయన చెప్పిన మందు ఒక్కటే. అంచుకు కొవ్వొత్తి రుద్దండి, ఓపిక పట్టండి.

ఈ మాటను మామ్మ కిటికీ రెక్కల దగ్గరే వదిలిపెట్టలేదు. ఒక శ్రావణంలో మా మేనత్త అత్తారింట్లో మాటా మాటా వచ్చి పుట్టింటికి వచ్చేసింది. తాతయ్య కోపంతో వియ్యంకుడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. మామ్మ సిరాబుడ్డి తీసి పక్కన పెట్టింది.

"వానలో చిత్రిక పట్టకండి" అంది.

తాతయ్య ఆవిడ వైపు చాలాసేపు చూసి కాగితం మడిచేశారు. కార్తీకం వెళ్ళకుండానే మేనత్త వాళ్ళాయనే వచ్చి తీసుకువెళ్ళాడు. రాయని ఆ ఉత్తరంలో ఏముండేదో ఎవరికీ తెలియదు. రాసి ఉంటే మాత్రం ఆ సందు ఎప్పటికీ పూడేది కాదని మా అమ్మ అంటూ ఉండేది.

ఇక ధనుర్మాసపు పని. సంక్రాంతికి గోడలకు వెల్ల వేయించాలి, అంతకు ముందే రెక్కలు దించాలి. మడతబందు మధ్యలోని శీలను కిందినుంచి సుత్తితో తడితే పైకి లేచేది. ఆ శీలల్ని పోగొట్టకుండా దాచడం నా పని. ఏ కిటికీవి ఆ కిటికీకి విడిగా, చిన్న చిన్న గుడ్డమూటల్లో కట్టి పెట్టేదాన్ని.

మొదట పొడిగా దులపాలి. ఈ వరస తప్పితే మామ్మ ఊరుకునేది కాదు. దుమ్ము మీద తడిగుడ్డ పెడితే అది బురదై గాళ్ళలో దిగబడి గట్టిపడుతుంది. మెత్తటి పాతచీర ముక్కతో పలకలు, చీపురుపుల్లకు గుడ్డ చుట్టి గాడులు, కొబ్బరిపీచుతో మడతబందులు. మూలల్లో బల్లిగుడ్ల పెంకులుండేవి, గొళ్ళెం రంధ్రాల్లో కందిరీగలు కట్టి వదిలేసిన మట్టిగూళ్ళుండేవి. ఆ తరవాత తడిగుడ్డ, అదీ గట్టిగా పిండింది. వంటింటి కిటికీ రెక్కలకు పొగ, నూనె జిడ్డు కలిసి నల్లగా పట్టేసేది. వాటికి కుంకుడు రసం. రుద్దిన వెంటనే మంచినీళ్ళ గుడ్డ, వెంటనే పొడిగుడ్డ. చెక్కకు నీళ్ళు చూపించవచ్చు గానీ తాగించకూడదనేది మామ్మ లెక్క. కడిగిన రెక్కల్ని ఎండలో పెట్టకూడదు. నీడలో, రెండు వైపులా గాలి తగిలేలా నిలబెట్టాలి. ఒక పక్కే ఎండ తగిలితే ఆ పక్క ముందు ఆరి రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్కను మళ్ళీ తిన్నగా చేయడం ఆచారిగారి తరం కూడా కాదు.

ఆరాక నూనె. కోనసీమలో నూనె అంటే కొబ్బరినూనే. వాకిట్లో, పెరట్లో, కాలవగట్టు మీద ఎటు చూసినా కొబ్బరిచెట్లే. అయినా రెక్కలకు కొబ్బరినూనె రాయనిచ్చేవారు కారు. అది ఎన్నాళ్ళకూ ఆరదు. రాసిన చోట జిడ్డుగా ఉండిపోయి దుమ్మును పిలుస్తుంది. అవిసెనూనె అలా కాదు, గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడి చెక్క మీద పల్చటి పొరలా నిలుస్తుంది. "కొబ్బరినూనె తలకి, అవిసెనూనె చెక్కకి, ఆముదం ఇనప్పనికి" అని ఆచారిగారు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. అవిసెనూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి పల్చన చేసి గుడ్డతో అద్ది చెక్క పొడుగున రుద్దేవాళ్ళం. పావుగంట ఆగి, చెక్క తాగకుండా పైన మిగిలిందంతా తుడిచేయాలి. ఆ తుడవడంలోనే పనితనమంతా ఉంది. తుడవకపోతే బంకలా ఉండిపోతుంది. ఆముదం మడతబందులకు. కోడి ఈకను ముంచి చుక్క చుక్కగా వదిలేవాళ్ళం. ఇత్తడి గొళ్ళాలకు చింతపండు.

అన్నిటికంటే మామ్మ ఎక్కువ శ్రద్ధ పెట్టేది రెక్క కింది అంచు మీద. అది ఎవరికీ కనబడదు. రెక్క బిగించాక దాన్ని మళ్ళీ చూసేది ఏడాది తరవాతే. కానీ చెక్క కోసిన తలల దగ్గరే నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. చెమ్మ దిగేది అక్కణ్ణించే, కుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. అందుకని పైన ఒక పూత అయితే కింది అంచుకు మూడు పూతలు. నేను ఒకటి రాసి లేవబోతే ఆవిడ ఏమీ అనేది కాదు. గుడ్డ మళ్ళీ నా చేతికి ఇచ్చేది.

పనయ్యాక ఆ నూనెగుడ్డల్ని కుప్పగా పడేయనిచ్చేది కాదు. నీళ్ళున్న బాల్చీలో ముంచేది, లేదంటే విడివిడిగా తీగ మీద ఆరేసేది. అవిసెనూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకుంటాయి. ఆవిడకు ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. అత్తగారు చెప్పారు, ఆవిడ నాకు చెప్పింది.

వెల్ల ఆరిన రోజున రెక్కలు ఎక్కించేవాళ్ళం. నేను గుర్తు చదివేదాన్ని, నాన్న రెక్క ఎత్తి పట్టుకునేవారు, మామ్మ శీల దించేది. యాభై ఆరో రెక్కకు శీలలు పడ్డాక ఆవిడ ప్రతి గదిలోకీ వెళ్ళి ఒక్కో కిటికీ మూసి, తెరిచి, మళ్ళీ మూసేది. కళ్ళు మూసుకుని వినేది. ఒక్కో కిటికీకి ఒక్కో చప్పుడు. అన్నీ విన్నాక ముగ్గులోకి వెళ్ళేది. మాకు పండగ ఆ క్షణాన మొదలయ్యేది.

మామ్మ పోయింది. ఆచారిగారూ పోయారు. ఆయన కొడుకులు కలప పని వదిలి ఊరు దాటారు. నేను పెళ్ళై హైదరాబాదులో స్థిరపడ్డాను. రెక్కలు దించడం ముందు రెండేళ్ళకొకసారి అయింది, ఆ తరవాత నాన్నకు ఓపిక ఉన్నప్పుడు అయింది.

1995 వానాకాలంలో నాన్నకు ఒంట్లో బాగోలేదని నెల రోజులు ఊళ్ళో ఉన్నాను. ఆయన పడుకునే ఉత్తరపు గదిలో తొమ్మిదో కిటికీ కింది కుడి రెక్క పట్టేసింది. గాలి కావాలంటారు, నేను లాగితే రాదు. రోజుకు నాలుగు సార్లు ఆ కుస్తీ. పక్కింట్లో గుమ్మాలు బిగించడానికి వచ్చిన వడ్రంగి కుర్రాణ్ణి పిలిచి, ఇది కాస్త చెక్కి పెట్టు బాబూ అన్నాను. అతను మంచివాడే, చెప్పిన పని చేశాడు. చిత్రిక చుట్టలు తడితడిగా, లావుగా కింద రాలాయి. రెక్క వేలితో నెడితే తెరుచుకుంది. మంచం మీంచి నాన్న ఆ చుట్టల వైపు చూశారు. ఏమీ అనలేదు. ఆయన అననిది ఏమిటో నాకు తెలుసు. తెలిసీ చేయించాను.

మరుసటి ఎండాకాలానికి రెక్కకూ చట్రానికీ మధ్య వేలు దూరేంత సందు.

1996 నవంబరులో దీపావళికని వెళ్ళాను. ఆరో తారీఖు రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటింది. కోనసీమలో ఆ రాత్రిని చూసినవాళ్ళకు దాన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు. లక్షల కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. చీకటి పడకముందే అన్ని కిటికీలూ మూసి బేడాలు వేశాం, రోకళ్ళు అడ్డం పెట్టాం. అంతకు ముందు పడ్డ వానలకు రెక్కలన్నీ ఉబ్బి చట్రాల్లో కూరుకుపోయి ఉన్నాయి. గాలి వాటిని పట్టుకోవడానికి గోరు దూరే సందు కూడా లేదు. ఏటా మేం విసుక్కునే ఆ బిగువు ఎందుకో ఆ రాత్రి తెలిసింది. మా వైపు తుపానులు ఎక్కువగా వచ్చేది చెక్క ఉబ్బి ఉండే రోజుల్లోనే.

ఒక్క రెక్క తప్ప. తొమ్మిదో కిటికీ కింది కుడి రెక్క సాయంత్రం నుంచీ కొట్టుకుంటూనే ఉంది. గుడ్డలు కుక్కాను. గుడ్డలు తడిసి జారిపోయాయి. ఆ కొట్టుకోవడానికి బేడం మరలు వదులైపోయి, అర్ధరాత్రి దాటాక రోకలితో సహా ఊడి గది మధ్యలో పడింది. బద్ద విరిగింది. ఆ ఒక్క కంత లోంచి వచ్చిన గాలి గూనపెంకుల్ని లోపలి నుంచి పైకి లేపింది. నాన్నను మండువా అవతలి గదిలోకి మోసుకెళ్ళాం. తెల్లారేసరికి ఉత్తరపు గదికి కప్పు లేదు. మిగతా యాభై అయిదు రెక్కలూ చెక్కు చెదరలేదు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కప్పు వేయించాక ఆ రెక్క స్థానంలో కొత్తది చేయించి, దాని పైఅంచున ౯, పక్కన రెండు గాట్లు తన చేత్తో చెక్కారు. ఉలి పట్టడం రాని చెయ్యి. అంకె కాస్త వంకరగా వచ్చింది.

2009లో ఇల్లు పడగొట్టాం. నాన్న లేరు, గోడలు తడిసి బీటలు వారాయి, అన్నదమ్ములు పంచుకున్న స్థలంలో డాబా లేచింది. పాతకలప కొనే ఆయన లారీ తెచ్చాడు. కూలీలు రెక్కల్ని ఊడదీసి వాకిట్లో కుప్ప పోశారు. నేను ఆ కుప్ప దగ్గర కూర్చుని పైఅంచులు తడుముతూ వరస పెట్టడం మొదలుపెట్టాను. ఒకటో కిటికీవి నాలుగు, రెండో కిటికీవి నాలుగు. శీలల మూటలు ఆయా రెక్కలకు కట్టాను. వ్యాపారి కాసేపు చూసి దగ్గరికొచ్చాడు.

"ఎలా పెట్టినా ఒకటేనండమ్మా. వీటిని విడివిడిగా అమ్ముకుంటాం. చట్రాలెవరూ కొనరండి" అన్నాడు.

అయినా పద్నాలుగు కిటికీలూ వరసపెట్టాకే లేచాను. సాయంత్రానికి లారీ వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా ఫ్లాటు కిటికీలకు అల్యూమినియం పట్టాల మీద జరిగే అద్దాలు. వానకు ఉబ్బవు, ఎండకు తగ్గవు. నెలకొకసారి పట్టాల్లో మురికి తీస్తాను, పని పావుగంటలో అయిపోతుంది. అవి నన్నేమీ అడగవు. బయట ఏ కాలం నడుస్తోందో కూడా చెప్పవు. ఆషాఢం వచ్చిందని పంచాంగం చూసి తెలుసుకుంటున్నాను.

ఆ రెక్కలు ఎక్కడెక్కడో ఉంటాయి. ఏదో హోటల్లో గోడకు అలంకారంగానో, ఎవరింట్లోనో బల్లగానో. ఎంత పాతబడినా చెక్క ఆ అలవాటు మానదు. చట్రం లేకపోయినా, గోడ లేకపోయినా, మొదటి వానలకు వెంట్రుకవాసి పెరుగుతుంది, మాఘానికి తగ్గుతుంది. మీ ఇంట్లో పాత టేకు రెక్క ఏదైనా ఉంటే దాని పైఅంచు ఒకసారి తడిమి చూడండి. అక్కడ ఒక తెలుగు అంకె, పక్కన గాట్లు తగిలితే, అది వానాకాలంలో పట్టేస్తే, దయచేసి చిత్రిక తీయకండి. అంచుకు కాస్త కొవ్వొత్తి రుద్దండి. మాఘం దాకా ఆగండి.